కొత్తాకు వచ్చేదాకా

కడియం నర్సరీల వెంట నడిచేవాళ్లకు ఒక విచిత్రం రోజూ కనిపిస్తుంది, కానీ దాని దగ్గర ఎవరూ ఆగరు. ఒక వరుసలో బంగారు రంగు దురంతా, పక్కన పసుపు మచ్చల క్రోటన్లు, వెనకాల ఆకుపచ్చలో తెలుపూ పసుపూ కలిసిన మనీప్లాంట్లు. అక్కడ పసుపే సరుకు. ఆకు ఎంత పసుపుగా మెరిస్తే అంత గిరాకీ. నాలుగడుగులు దాటితే మందారాలు, నిమ్మ అంట్లు, అరెకా పామ్ సంచులు. అక్కడ ఒక్క ఆకు పసుపెక్కినా కొనేవాళ్లు ఆ సంచిని పక్కకు జరిపి ఇంకొకటి తీసుకుంటారు. అందుకే లారీకి ఎత్తే ముందు పండిన ఆకుల్ని గిల్లేస్తారు. అందులో మోసం ఏమీ లేదు. మొక్క శుభ్రంగా కనిపించాలి, దారిలో ఆ ఆకు కుళ్లి పక్కవాటికి అంటకూడదు. మొక్కలు అమ్మే ప్రతిచోటా ఉన్న అలవాటే ఇది. అయినా గిల్లి పారేసిన ఆ ఆకుల కుప్ప మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ మొక్క ఇన్నాళ్లూ చెప్పుకున్నదంతా అందులోనే ఉంది కదా? పండింది కింది ఆకా, పాలిపోయింది పై ఆకా, మాడింది అంచా, తెల్లబడింది ఈనెల మధ్యనా, ఈ వివరాలన్నీ అక్కడే పోయాయి. మొక్క మాత్రం హైదరాబాదులో ఏదో బాల్కనీకో, విశాఖపట్నంలో ఏదో ఆఫీసు మూలకో చేరుతుంది. కొన్ని వారాలకు మళ్లీ ఒక ఆకు పసుపెక్కుతుంది. కొన్నవాళ్లు కంగారుపడి చేతికందిన ఎరువు వేస్తారు, లేదా ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. పసుపెక్కిన ఆకును చూడటానికీ ఏదో ఒకటి పోయడానికీ నడుమ ఆలోచనకు చోటే లేకుండా పోయింది. ఎందుకిలా?

ఆకు తన బాధ చెప్పుకునే దారులు చాలా కొద్ది. పాలిపోతుంది, పండుతుంది, మాడుతుంది, ముడుచుకుంటుంది, మచ్చలు పడుతుంది, రాలిపోతుంది. బాధలు మాత్రం లెక్కకు అందవు. నత్రజని చాలకపోయినా పసుపే, నీరు ఎక్కువైనా పసుపే, వేరు కుళ్లినా, వెలుతురు తగ్గినా, చలి కొట్టినా, వైరస్ సోకినా, నేలలో ఇనుము ఉండి కూడా వేరుకు అందకపోయినా పసుపే. పత్రహరితం అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం, దాని చుట్టూ నాలుగు నత్రజనులు ఉంటాయి. ఇనుము ఆ అణువులో ఉండదు గానీ అది లేనిదే పత్రహరితం తయారుకాదు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఆకుపచ్చ తగ్గి, అడుగున ముందునుంచీ దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. పిల్లవాడికి జ్వరం వస్తే అది ఏ జ్వరమో తెలియకుండా మందు పోయడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. మొక్క విషయంలో మనం రోజూ ఆ పనే చేస్తున్నాం. పసుపు అనగానే యూరియా, మచ్చ అనగానే తెగులు మందు, ముడత అనగానే పురుగు మందు. ఆకు రంగు ఒక ఫిర్యాదు మాత్రమే. కారణం ఏదో ఆ ఫిర్యాదులో రాసి ఉండదు. కారణం తేలాలంటే ఆకు కాక ఇంకా చాలా చూడాలి, ఒక్కో మార్పే చేసి చూడాలి, ముఖ్యంగా కొత్తాకు వచ్చేదాకా ఆగాలి. లేత మొక్కల విషయంలో ఇది మరీ నిజం. వాటికి వేరు తక్కువ, నిల్వ తక్కువ, మన తొందరను తట్టుకునే శక్తి ఇంకా తక్కువ.

అయితే ఆకును చదవడం దండగ అనుకోనక్కర్లేదు. చదవడం వచ్చినవాళ్లకు అది చాలా చెబుతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. అవి చాలనప్పుడు మొక్క ముదురాకులో ఉన్నదాన్ని తీసి లేతాకుకు పంపుతుంది. కాబట్టి ముందు కింది ఆకులే దెబ్బతింటాయి. నత్రజని అయితే కింది ఆకు మొత్తం సమంగా పండుతుంది. మెగ్నీషియం అయితే ఈనెలు ఆకుపచ్చగా నిలిచి నడుమ పసుపు తేలుతుంది. పొటాష్ అయితే అంచు మాడుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ ఒకసారి ఆకులో చేరితే ఇంచుమించు అక్కడే ఉండిపోతాయి. అవి చాలకపోతే చిగురు చెబుతుంది. ఇనుము అందని మొక్కలో లేతాకు తెల్లబడి, ఈనెలు మాత్రం గీత గీసినట్టు ఆకుపచ్చగా ఉంటాయి. మన రైతులకు ఈ చదువు కొత్త కాదు. మిరప తోటలో ఆకు పైకి ముడిస్తే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి ముడిస్తే కింది ముడత, అది నల్లి పని. ఈ రెండింటికీ వాడే మందులు వేరు. ఆకు ఎటు ముడిచిందో చూడకుండా కొట్టిన మందు డబ్బుకూ చేటు, తోటకూ చేటు. ఇంత సూక్ష్మంగా చూసే కన్ను ఉన్నచోట తొందరపాటు ఎలా వచ్చింది? మందుల కొట్లో గుర్తు చెబితే చాలు, సీసా చేతికొస్తుంది. గుర్తు ఏ ఆకు మీద ఉంది, ఎన్నాళ్లయింది, చేనంతా ఉందా ఒక మూలే ఉందా, ఈ ప్రశ్నలు అడిగే తీరిక కొట్టువాడికి ఉండదు, చెప్పే ఓపిక కొనేవాడికీ ఉండదు.

ఆకును బాగా చదివినా పొరబడవచ్చు అనడానికి వరి చరిత్రలోనే రెండు గట్టి సాక్ష్యాలున్నాయి. హిమాలయాల అడుగున తరాయి ప్రాంతంలో ఊడ్చిన కొద్ది వారాలకు వరి గిడసబారి, కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడేవి. అక్కడి రైతులు దాన్ని ఖైరా అన్నారు, అందరూ తెగులనే అనుకున్నారు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తెగుళ్ల శాస్త్రవేత్త వై. ఎల్. నెనె 1966లో అది తెగులు కాదని, జింకు లోపమని తేల్చారు. తెగుళ్లు వెతకడమే వృత్తిగా ఉన్న మనిషి ఇక్కడ తెగులు లేదని చెప్పడంలో ఎంత నిజాయితీ ఉంది! జింకు సల్ఫేటులో సున్నం కలిపి కొడితే చేను తేరుకుంది. ఈ లోపం గోదావరి డెల్టా రైతులకు బాగా తెలిసిందే. నీరు నిలిచే నేలలో జింకు వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. చేను ఎదగడం లేదని భాస్వరం ఇంకాస్త వేస్తే జింకు అందడం మరింత తగ్గుతుంది. అంటే తప్పు వైద్యం వృథాతో ఆగదు, అసలు జబ్బును పెంచుతుంది. ఇక రెండో సాక్ష్యం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇండోనేషియాలో వరి పసుపెక్కి కురచబారే జబ్బును మెంటెక్ అనేవారు. పంతొమ్మిదో శతాబ్దం నుంచీ అది నేల దోషమని, వేళ్ల రోగమని నమ్ముతూ వచ్చారు. 1965లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రివెరా, ఔ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టుంగ్రో అనే జబ్బును పచ్చదీపపు పురుగు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుందని చూపించారు. మెంటెక్ కూడా అదేనని ఆ తరువాత తెలిసింది. ఒకచోట లోపాన్ని తెగులన్నారు, ఇంకోచోట తెగులును లోపమన్నారు. రెండుచోట్లా చూసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, ఆకును శ్రద్ధగా చూడనివాళ్లూ కారు. ఆకు దగ్గరే ఆగిపోయారు, అంతే.

మరి ఆకుల బొమ్మల పటాలు ఉన్నాయి కదా, పోల్చి చూసుకుంటే సరిపోదా అంటారు. ఆ పటాల వెనక గొప్ప శ్రమ ఉంది. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో టి. వాలెస్ 1943లో, యుద్ధం మధ్యలో, రంగుల బొమ్మలతో తెచ్చిన పుస్తకం ఆ తరువాతి పటాలన్నిటికీ దారి చూపింది. కానీ అలాంటి బొమ్మలకు ఆధారం ఇసుకలోనో నీళ్లలోనో పెంచిన మొక్కలు కూడా. అన్ని పోషకాలూ ఇచ్చి ఒక్కటి మాత్రం ఆపేస్తే ఆ ఒక్క లోపం స్వచ్ఛంగా కనిపిస్తుంది. కడియంలో ఎర్రమట్టి, గెత్తం, కొబ్బరిపొట్టు కలిపిన నల్లసంచిలో లోపాలు ఒంటరిగా రావు. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటే సంచిలో మట్టి మెల్లగా క్షారం వైపు జరుగుతుంది, ఇనుముతో పాటు జింకు, మాంగనీసు కూడా వేరుకు దూరమవుతాయి. అప్పుడు ఆకు మీద మూడు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడినట్టుంటుంది, పటంలో ఏ బొమ్మకూ పూర్తిగా సరిపోదు. సరిపోయే బొమ్మ కోసం వెతికేవాళ్లు చివరికి తాము ముందే అనుకున్న బొమ్మ దగ్గరే ఆగుతారు. ఆ మొక్క నిజంగా అడుగుతున్నది ఇనుమా, మారిన నీళ్లా? అన్నభేది కొడితే ఆకు కొన్నాళ్లు తేరుకుంటుంది. పోసే నీరు మారనంతకాలం తరువాతి చిగురు మళ్లీ తెల్లగానే వస్తుంది.

నీటి సంగతి వచ్చింది కాబట్టి దాని దగ్గర కొంచెం నిలబడాలి. ఇంట్లో పెంచే లేత మొక్కల్ని చంపేవాటిలో నీళ్ల లేమికన్నా నీళ్లు మితిమీరడమే ముందుంటుంది. డెల్టా మనిషికి ఇది నమ్మడం కష్టం. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి బతుకంతా నిలిచిన నీళ్లలోని వరితోనే ముడిపడి ఉంది. పంట అంటే నీళ్లలో నిలబడేది. కానీ వరికి ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. ఆకుల నుంచి వేళ్లదాకా గాలిని దింపే ఖాళీ గొట్టాలు దాని కణజాలంలోనే ఉంటాయి. మందారానికీ, నిమ్మకూ, గులాబీకీ ఆ ఏర్పాటు లేదు. వాటి వేరు మట్టి రేణువుల మధ్య ఉన్న గాలినే పీల్చుకోవాలి. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీళ్లలో ఉండి కూడా నీళ్లు తీసుకోలేదు, పోషకాలూ తీసుకోలేదు. ఆకు వాడుతుంది, కింది ఆకులు పండుతాయి. చూసినవాళ్లు దాహమనుకుని ఇంకాస్త పోస్తారు. ఇంటి లోపల ఇది మరింత త్వరగా ముదురుతుంది. నర్సరీలో పచ్చటి షేడ్‌నెట్ కింద కూడా మంచి వెలుతురూ గాలీ ఉంటాయి, మొక్క నీళ్లు గబగబా తాగుతుంది. గదిలోకి రాగానే వెలుతురు ఎన్నో వంతులు పడిపోతుంది, తాగడం కూడా ఆ మేరకు తగ్గుతుంది. పోసేవాళ్ల లెక్క మాత్రం మారదు. ఫైకస్ బెంజమినా అయితే ఎండ నుంచి నీడకు మారిన కొద్ది వారాల్లోనే ఆకులు రాల్చేస్తుంది. అది జబ్బు కాదు. ఉన్న వెలుతురుకు సరిపడా ఆకుల్ని మిగుల్చుకుంటోంది. దానికి కావలసింది ఎరువు కాదు, కిటికీ దగ్గర కాస్త చోటు, కొన్ని వారాల ఓపిక.

దాళ్వా ఆకుమళ్లలో ఇలాంటిదే ఇంకో మెలిక ఉంది. డిసెంబరు చలిలో నారు పసుపెక్కితే చూడగానే ఎరువు చాలలేదనిపిస్తుంది. రాత్రంతా మడిలో నిలిచి చల్లబడిన నీటిని తెల్లవారి తీసేసి కొత్త నీరు పెట్టమని పెద్దలూ వ్యవసాయ శాఖవాళ్లూ ఒకే మాట చెబుతారు. చలికి వేరు మందగిస్తుంది. మట్టిలో ఉన్న పోషకం కూడా పైకి ఎక్కదు. అక్కడ లోపం ఎరువులో లేదు, వేడిమిలో ఉంది. ఆకు మీద రెండూ ఒకేలా కనిపిస్తే తేడా ఎలా తెలుస్తుంది? చలి తగ్గిన నాలుగు రోజులు ఆగితే తెలుస్తుంది. గట్టు పక్క, చెట్టు నీడ కింద, నీరు దిగే తూము దగ్గర నారు ఎలా ఉందో మధ్య మడితో పోల్చి చూస్తే తెలుస్తుంది. ఒక్క మొక్కను పీకి వేళ్లు తెల్లగా ఉన్నాయో, గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయో, కుళ్లు వాసన వస్తోందో చూస్తే తెలుస్తుంది. ఈ మూడింటికీ డబ్బు ఖర్చు లేదు. చిత్రమేమిటంటే ఖర్చు లేని పరీక్షల్నే మనం ముందు వదిలేస్తాం.

ఆకు చెప్పింది నిజమో కాదో తేల్చుకునే తీరును ఫ్రాన్సులో యూసెబ్ గ్రీ అనే ఆయన 1840లలోనే చూపించాడు. పాలిపోయిన ఆకుల మీద అక్కడక్కడ ఇనుప లవణం కలిపిన నీటిని పూశాడు. పూసిన మేర ఆకుపచ్చ తిరిగొచ్చింది, పూయని మేర పసుపుగానే ఉండిపోయింది. ఎంత సులువైన పని! అయినా అందులో ఒక పెద్ద సూత్రం ఉంది. పూయని భాగం లేకపోతే పూసిన భాగానికి అర్థమే లేదు. మడిలో నారంతా పసుపెక్కినప్పుడు మడంతా మందు కొట్టి, పది రోజులకు తేరుకుంటే మందు పనిచేసింది అంటాం. ఆ పది రోజుల్లో చలి తగ్గి ఉండవచ్చు, వేరు కొత్తగా సాగి ఉండవచ్చు, నీరు మారి ఉండవచ్చు. ఒక చాలు వదిలేసి ఉంటే తెలిసేది. అది కూడా తేరుకుంటే మందు డబ్బులు వచ్చే ఏడాదికి మిగిలేవి. తేరుకోకపోతే మందు మీద నమ్మకం నిలబడేది. ఏదైనా లాభమే. ఇంకో మాట కూడా ఉంది. బాగా ముదిరి పండిన ఆకు మళ్లీ ఆకుపచ్చగా మారడం అరుదు, మాడిన అంచు అసలే మారదు. కానీ జనం వైద్యం ఫలించిందో లేదో ఆ పాత ఆకు మీదే వెతుకుతారు. వారానికి మారకపోతే ఇంకో మందు, తరువాతి వారం మరొకటి. సాక్ష్యం చెప్పాల్సింది వైద్యం తరువాత విప్పుకున్న కొత్తాకు. అది ఆరోగ్యంగా వచ్చిందంటే కింది పండాకులు ఎన్ని ఉన్నా మొక్క దారిలో పడ్డట్టే.

ఇదంతా వినడానికి బాగుంటుంది, కానీ తెగులు ఆగుతుందా అని అడిగేవాళ్లున్నారు. ఇది బలమైన అభ్యంతరం, తేలిగ్గా తోసేయకూడదు. నారుకుళ్లు ఒక్క రాత్రిలో పొగాకు నారుమడి మీద చెయ్యంత మేర తినేస్తుంది. వైరస్ సోకిన మొక్క పక్కన పది రోజులు ఆగితే పక్కవి కూడా పోతాయి. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే ఏర్పడింది కాబట్టి పొగాకు ఉదాహరణే తీసుకుందాం. పొగాకు ఆకు మీద ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలు కలగలిసి వచ్చే జబ్బును హాలండులో వాగెనింగెన్ దగ్గర అడాల్ఫ్ మాయర్ ఏళ్ల తరబడి పరిశీలించి 1886లో మొజాయిక్ అని పేరు పెట్టాడు. ఆయన ముందు నేలను పరీక్షించాడు, పోషకాలు చూశాడు, తేడా కనిపించలేదు. ఆ తరువాతే జబ్బు ఆకు రసాన్ని ఆరోగ్యమైన ఆకు ఈనెలోకి ఎక్కించాడు. పదింట తొమ్మిది మొక్కలకు జబ్బు అంటింది. అంటువ్యాధి అని రుజువైంది. కారణం బ్యాక్టీరియా అనుకోవడంలో మాత్రం ఆయన పొరబడ్డాడు. 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బైయరింక్ చేసిన వడపోత ప్రయోగాలతో వైరస్ అనే భావనే పుట్టింది. సరే, మాయర్‌కు ఏళ్లు పట్టిన పని రైతు ఒక్క వారంలో ఎలా చేస్తాడు? చెయ్యనక్కర్లేదు. ఇక్కడ రెండు పనుల్ని విడదీసి చూడాలి. అనుమానం వచ్చిన మొక్కను వేరు చేయడానికి కారణం తెలియాల్సిన పనిలేదు. సంచి అయితే దూరంగా పెట్టాలి, నారు అయితే పీకి మడి బయట పాతెయ్యాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పొగాకు మొజాయిక్ ఎండిన ఆకులో కూడా బతుకుతుంది, చుట్ట పట్టుకున్న వేళ్లతోనే నారుమడిలోకి వెళ్లగలదు. జబ్బు ఏమిటో చూద్దామని మొక్క మొక్కనూ తడిమే చెయ్యే దాన్ని మోస్తుంది. కాబట్టి వేరుచేయడం వెంటనే, మందు మాత్రం తెలిశాక. తొందర అవసరమైన చోట తొందరే పడాలి. ఆ తొందర సంచిని జరపడానికి సరిపోతుంది, సీసా మూత తీయడానికి సరిపోదు.

ఇంకో అభ్యంతరం అనుభవం నుంచి వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా అంట్లు కడుతున్న మనిషి ఆకును ఒక్కసారి చూసి జబ్బు చెప్పేస్తాడు, ఈ పరీక్షలన్నీ ఎందుకు? అతను చెప్పేది చాలాసార్లు నిజమే అవుతుంది, ఆ నేర్పును తక్కువ చేయడం అన్యాయం. కానీ అతను చదివింది ఆకునొక్కటేనా? ఆ మడికి నిన్న నీళ్లు ఎవరు పెట్టారో అతనికి తెలుసు. గెత్తం బాగా మాగిందో లేదో తెలుసు. పోయినవారం గాలి ఎటు వీచిందో, ఈ అంటుకు కొమ్మ ఏ తల్లిచెట్టు నుంచి తెచ్చారో తెలుసు. ఆకు కనిపించగానే ఇవన్నీ అతని తలలో చకచకా కూడుతాయి. అతన్ని తీసుకెళ్లి, చరిత్ర తెలియని మొక్క ముందు ఎక్కడో నగరంలో నిలబెడితే అతను కూడా ముందు ప్రశ్నలే అడుగుతాడు. ఫోనుతో ఆకు ఫొటో తీస్తే జబ్బు పేరు చెప్పే యాప్‌లకు ఉన్న ఇబ్బంది ఇదే. అవి నిజంగా పనికొస్తాయి, మారుమూల రైతుకు ఒక మొదటి ఆలోచన ఇస్తాయి. కానీ ఫొటోలో వేరు ఉండదు, నీళ్ల రుచి ఉండదు, పక్క మొక్క ఉండదు, నిన్న ఉండదు. నిమ్మజాతి మొక్కల్నే చూడండి. జింకు లోపంలో పసుపు నడిఈనెకు రెండు పక్కలా ఇంచుమించు సమంగా పడుతుంది. గ్రీనింగ్ జబ్బులో ఒక పక్కన ఒకలా, ఇంకో పక్కన మరోలా చెదిరి పడుతుంది. మంచి కన్ను, మంచి ఫొటో ఈ తేడాను పట్టుకుంటాయి. కానీ గ్రీనింగ్ సోకిన మొక్కకే తరువాత జింకు లోపం లాంటి ఆకులు కూడా వస్తాయి. అప్పుడు ఒక ఆకు ఫొటో తీస్తే నిజం, పక్క ఆకు ఫొటో తీస్తే పొరపాటు. జింకు కొట్టి ఊరుకుంటే, అంటు ద్వారానూ సిల్లా పురుగు ద్వారానూ జబ్బు తోటలోకి దిగిపోతుంది.

పసుపే కాదు, పచ్చదనం కూడా ఎంతవరకు నమ్మదగిందో కోనసీమ చెబుతుంది. 1949 తుపాను తరువాత రాజోలు ప్రాంతంలోని తాటిపాకలో కొబ్బరికి ఒక జబ్బు కనిపించింది, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. చెట్టు చిన్నబోయి, మట్టలు కురచై, కాయలు గొడ్డుపోతాయి. కణాల్లో దాక్కునే ఫైటోప్లాస్మా దీని వెనక ఉందని పరిశోధకులు చెబుతారు. ఆశ్చర్యమేమిటంటే ఆ చిన్నబోవడానికి ముందు తల మామూలుకన్నా పెద్దదై, మట్టలు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడతాయి. చూసినవాళ్లు చెట్టు మంచి ఊపు మీద ఉందనుకుంటారు. ఆకు చెప్పేది ఫిర్యాదు మాత్రమే అన్న మాట ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఫిర్యాదు లేకపోవడం కూడా ఆరోగ్యానికి హామీ కాదు. నత్రజని మితిమీరిన నారు కూడా ముదురాకుపచ్చగానే ఉంటుంది. ఊడ్చాక అది మెత్తబడి, పురుగునూ తెగులునూ పిలుస్తుంది. అమ్మకానికి బాగుంటుందని వారం ముందు యూరియా తగిలించిన సంచి కూడా కంటికి నిండుగానే ఉంటుంది.

చివరిగా ఒక మాట తరచూ వినిపిస్తుంది: చిన్న మొక్కే కదా, పోతే ఇంకోటి కొంటాం, దీనికి ఇంత ఆలోచన ఎందుకు? బాల్కనీలో మనీప్లాంటు పోతే నష్టం చిన్నదే. కానీ నర్సరీ మడిలో ఉన్నవన్నీ అలాంటివి కావు. గ్రాముకు 10,000కు పైగా గింజలుండే పొగాకు విత్తనం నుంచి లేచిన నారు మీద జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు రైతు ఏడాది ఆశంతా ఉంటుంది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మొక్క నాడే జబ్బు పట్టి ఉంటే ఆ సంగతి ఆరేడేళ్లకు తెలుస్తుంది, అప్పుడు ఎవరిని అడగాలి? నర్సరీలో జరిగిన పొరపాటు అక్కడే ఉండదు, లారీ ఎక్కి రాష్ట్రాలు దాటుతుంది. కడియం నుంచి మొక్కలు దేశమంతా వెళ్తున్నాయి కాబట్టి ఇక్కడ ఒక మంచి అలవాటు మొదలైతే దేశమంతా వెళ్తుంది. ప్రతి సంచికీ కాకపోయినా ప్రతి లోడుకీ ఒక చీటీ ఇవ్వవచ్చు. సంచిలోకి ఎప్పుడు మార్చారు, మట్టిలో ఏమేమి కలిపారు, కాలువ నీరా బోరు నీరా, ఎంత నీడలో పెరిగింది, చివరగా ఎరువో మందో ఎప్పుడు వేశారు, లోడుకు ముందు గిల్లిన ఆకులు కిందివా పైవా. చదువురాని కూలీ కూడా చెప్పగల వివరాలే ఇవి, రాసేవాళ్లు ఒక్కరుంటే చాలు. వ్యాపారానికి అడ్డమని కొందరు భయపడవచ్చు. కానీ కొన్నవాళ్ల ఇంట్లో మొదటి నెలలో పసుపెక్కే ఆకుల్లో చాలావాటికి మూలం నీరూ వెలుతురూ మారడమే, లేదా అప్పటికే సంచిలో ఉన్న ఎరువు మీద మళ్లీ ఎరువు పడటమే. చీటీలో చివరి ఎరువు తేదీ చూసినవాళ్లు రెండోసారి వెయ్యరు. నీడ వివరం చూసినవాళ్లు కుండీని కిటికీ వైపు జరుపుతారు. బోరు నీళ్ల మొక్క అని చదివినవాళ్లు తెల్లబడిన చిగురు చూసి నత్రజని కోసం పరుగెత్తరు. మొక్క బతికితే వాళ్లు మళ్లీ కడియానికే వస్తారు.